సగం నొక్కగానే లెన్స్‌లో 'టిక్' మంటే ఐఎస్ పోయినట్టేనా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. సెకండ్ హ్యాండ్‌లో కెనాన్ 70-200 ఎఫ్4 ఎల్ ఐఎస్ లెన్స్ కొన్నారు, పాత ఈఎఫ్ మౌంట్‌ది, 90డీ కెమెరా బాడీకి. (ఐఎస్ అంటే ఇమేజ్ స్టెబిలైజర్, చేతి వణుకుని లెన్స్ లోపలే సవరించే ఏర్పాటు.) షట్టర్ బటన్ సగం నొక్కగానే లోపల 'టిక్' మంటోంది. ఆ తర్వాత సన్నగా 'స్స్స్' మని ఆగకుండా శబ్దం. వ్యూఫైండర్‌లో బొమ్మ ఒక్కసారి ఎగిరినట్టై పక్కకి జరుగుతోంది. బాడీ నుంచి తీసి ఊపితే లోపల ఏదో కదులుతోంది. వీటికి తోడు ప్రకాశం బ్యారేజీ మీద ట్రైపాడ్ వేసి రాత్రి తీసిన ఫోటోలన్నీ మసకగా వచ్చాయి. రిపేరు షాపులో చూపిస్తే "ఐఎస్ యూనిట్ పోయింది, మార్చాలి, తొమ్మిది వేలు" అన్నారు. అమ్మినాయన ఇచ్చిన పది రోజుల గడువులో ఇంకా ఐదు రోజులున్నాయి. మార్పించాలా, వెనక్కి ఇచ్చెయ్యాలా?

మార్పించకండి. ఇప్పుడే వెనక్కి కూడా ఇవ్వకండి. మీరు చెప్పినవాటిలో టిక్కు, స్స్ శబ్దం, బొమ్మ ఎగరడం మూడూ ఆ లెన్స్‌కి పుట్టుకతో వచ్చిన అలవాట్లు. ఊపితే వచ్చే శబ్దం ఎలాంటిదో ఒకసారి చెవి పెట్టి వినాలి, అదీ చాలావరకు మామూలే. బ్యారేజీ ఫోటోల విషయంలో తప్పు లెన్స్‌ది కాదని నా అనుమానం, కారణం కింద రాస్తాను. ఐదు రోజుల్లో మీరే ఇంట్లో తేల్చుకునే పరీక్ష కూడా చెప్తాను, దానికి గోడ క్యాలెండరు చాలు.

నేను విజయవాడలో లెన్సులు అద్దెకిస్తుంటాను, పదకొండేళ్లయింది. అంతకుముందు తొమ్మిదేళ్లు పెళ్లిళ్లు తీశాను. మీ మోడలే మా దగ్గర రెండున్నాయి, అందులో పాతది ఎన్ని పెళ్లిళ్లు చూసిందో లెక్కే లేదు. మాఘమాసం ముహూర్తాలప్పుడు సోమవారం పొద్దున నేను షాపు తీసేసరికే సామాన్లు తిరిగివ్వడానికి కుర్రాళ్లు గుమ్మం ముందు ఉంటారు. వాళ్లలో ఒకడైనా "అన్నా, లోపల ఏదో ఊడింది, నేనైతే కింద పడెయ్యలేదు" అంటాడు. పాపం, డిపాజిట్ పోతుందని భయం. అలా తెచ్చిన పది లెన్సుల్లో తొమ్మిదింటిలో ఏమీ ఊడి ఉండదు.

ముందు ఆ టిక్కు సంగతి.

రైల్లో టీ గ్లాసు పట్టుకుని నిలబడ్డ మనిషిని గుర్తు తెచ్చుకోండి. బోగీ ఎడమకి ఊగితే ఆయన మణికట్టు తనంతట తానే కుడికి వంగుతుంది, టీ ఒలకదు. ఐఎస్ చేసేది ఆ మణికట్టు పనే. లెన్స్‌లో రెండు గైరో సెన్సర్లు ఉంటాయి. ఒకటి లెన్స్ కిందికీ పైకీ ఊగడాన్ని కనిపెడుతుంది, రెండోది పక్కలకి తిరగడాన్ని. అవి చెప్పిన లెక్క ప్రకారం కొన్ని గాజు ఎలిమెంట్లు ఉన్న చిన్న గ్రూపుని తీగచుట్టలూ అయస్కాంతాలూ కలిసి ఎదురు దిక్కుకి జరుపుతాయి. స్పీకర్‌లో కోన్‌ని కదిలించే ఏర్పాటు కూడా ఇదే, అందుకే దీన్ని వాయిస్ కాయిల్ అంటారు. మన చెయ్యి వణుకుతున్నంతసేపూ ఆ గ్రూపు క్షణం ఆగకుండా సవరించుకుంటూనే ఉంటుంది. మీకు వినిపించే 'స్స్స్' ఆ పని చప్పుడే. నిశ్శబ్దంగా ఉన్న గదిలో చెవి పక్కనే పెట్టుకుంటే మరీ ఎక్కువగా వినిపిస్తుంది. కల్యాణమండపంలో నాదస్వరం మోగుతుంటే లెన్స్ శబ్దం ఎవరికీ వినపడదు, అందుకే మావాళ్లు కూడా ఇంటికెళ్లాకే భయపడి ఫోన్ చేస్తారు.

పని లేనప్పుడు ఆ గ్రూపు అటూ ఇటూ కొట్టుకోకుండా మధ్యలో పట్టి ఉంచే తాళం లాంటిది మీ లెన్స్ తరంవాటిలో ఉంటుంది. బటన్ సగం నొక్కితే తాళం తీసుకుంటుంది: టిక్. వేలు తీసేశాక కెనాన్ లెన్సుల్లో ఐఎస్ సుమారు రెండు సెకన్లు నడిచి, గ్రూపుని మధ్యకి తెచ్చి మళ్లీ తాళం వేసుకుంటుంది: ఇంకో టిక్. రెండు టిక్కులూ వినిపిస్తున్నాయంటే తాళం బాగా పనిచేస్తోందనే నేను సంతోషిస్తాను. ఈ ఎఫ్4 మోడల్‌ది కొంచెం గట్టి గొంతు కూడా. ఐఎస్ ఉన్న 55-250 ఎస్టీఎం, 18-55 ఎస్టీఎం లాంటి కిట్ లెన్సులు వాడి దీనికి మారినవాళ్లకి తేడా బాగా తెలుస్తుంది.

బొమ్మ ఎగరడానికీ కారణం ఇదే. తాళం తీసిన క్షణంలో ఆ గ్రూపు తన బరువుకి ఒకవైపు ఒరుగుతుంది, వెంటనే అయస్కాంతం దాన్ని ఎత్తి పట్టుకుంటుంది. ఆ రెండింటి మధ్య సందులో వ్యూఫైండర్‌లో బొమ్మ గంతేస్తుంది. ఆగిపోయేటప్పుడు ఇంకో చిన్న గంతు. నడుమ బొమ్మ నీళ్ల మీద తేలుతున్నట్టు మెల్లగా కదులుతుంది. కొంతమందికి అది చూస్తే కళ్లు తిరుగుతాయి కూడా. టామ్రాన్ వాళ్లు ఐఎస్‌నే వీసీ అంటారు, ఆ లెన్సుల్లో కొన్నింటిలో బొమ్మ బంకపెట్టి అతికించినట్టు నిలబడిపోయి, ఫ్రేమ్ మార్చబోతే మొండికేసి ఒక్కసారి వదులుతుంది. ఇవన్నీ కంపెనీల రుచులు. కెనాన్ ఐఎస్ అన్నా, నికాన్ వీఆర్ అన్నా, సోనీ ఓఎస్ఎస్ అన్నా, సిగ్మా ఓఎస్ అన్నా లోపల సూత్రం ఒకటే, నడక వేరు.

ఇది కొత్తగా వచ్చిన జబ్బు కూడా కాదండి. 1994లో నికాన్ ఒక ఫిల్మ్ కాంపాక్ట్ కెమెరాలో వీఆర్ పెట్టింది. 1995లో కెనాన్ 75-300 ఐఎస్ వచ్చింది, మార్చుకునే ఎస్ఎల్ఆర్ లెన్సుల్లో స్టెబిలైజర్ ఉన్న మొదటిది అదే. మీ లెన్స్ 2006 నాటిది. ముప్పై ఏళ్ల నుంచీ ఈ లెన్సులు టిక్కుమంటూనే ఉన్నాయి, కొన్నవాళ్లు ఉలిక్కిపడుతూనే ఉన్నారు.

ఊపితే వచ్చే శబ్దం. నేను ప్రతి లెన్స్ తిరిగి తీసుకునేటప్పుడు చేసే పని చెప్తాను. గట్టిగా ఊపను. రెండు చేతులతో పట్టుకుని చెవి దగ్గర పెట్టి, కుండలో నీళ్లు ఎంత ఉన్నాయో చూసినట్టు మెల్లగా ఒంచుతాను. ప్రతి ఒంపుకీ ఒకే ఒక్క మెత్తటి 'టక్', అదీ ఎప్పుడూ ఒకే చోట నుంచి వస్తే అది లోపలి గ్రూపు తన హద్దుకి తగిలిన చప్పుడు. లెక్కలోకి తీసుకోను. అలా కాకుండా చిన్న చిన్న శబ్దాలు గలగలమని, ఒంచిన ప్రతిసారీ ఒక్కో చోట నుంచి వస్తే అప్పుడు టార్చి తీస్తాను. ఊడిన స్క్రూ అయితే అలాగే దొర్లుతుంది. ఈ పదకొండేళ్లలో అలాంటివి నాకు నాలుగే తగిలాయి, నాలుగూ బైకు మీద నుంచి బ్యాగు పడ్డవే.

ఇంకో ముఖ్యమైన కారణం ఉంది. ఐఎస్ నడుస్తుండగానే కెమెరా ఆపేసినా, లెన్స్ ఊడదీసినా ఆ గ్రూపు మధ్యకి వచ్చి తాళం వేసుకునే సమయం ఉండదు. ఎక్కడిది అక్కడే వదులుగా ఉండిపోతుంది, ఊపితే కదులుతుంది. నికాన్ వాళ్లు తమ వీఆర్ లెన్సుల మాన్యువల్‌లోనే ఈ మాట రాస్తారు: అలా చప్పుడొస్తే అది లోపం కాదు, మళ్లీ బిగించి కెమెరా ఆన్ చేస్తే సర్దుకుంటుంది అని. మీరూ చేసి చూడండి. లెన్స్ బిగించండి, ఆన్ చేసి బటన్ సగం నొక్కండి, వేలు తీసి మూడు సెకన్లు ఆగండి, రెండో టిక్కు వినండి, అప్పుడు కెమెరా ఆపి లెన్స్ తీయండి. ఇప్పుడు ఒంచితే శబ్దం తగ్గిందా? తగ్గితే ఆ రిపేరు షాపు బల్ల మీద అంతకుముందు ఏం జరిగిందో మీకే అర్థమవుతుంది.

కొత్త మిర్రర్‌లెస్‌లలో, అంటే లోపల అద్దం లేని కెమెరాల్లో, అయితే శబ్దాలు ఇంకా ఎక్కువ. బాడీలోనే బొమ్మని పట్టే సెన్సర్‌ని అయస్కాంతాల మీద తేలేలా కట్టి ఉంచుతారు. పవర్ ఆపితే చాలా మోడళ్లలో అది వదులైపోయి, బాడీ ఊపితే 'టక్' మంటుంది. లెన్సుల్లో ఫోకస్ కోసం లీనియర్ మోటారు ఉంటే ఫోకస్ గ్రూపు కూడా పవర్ లేనప్పుడు జారుతుంది. ఫ్యూజీ 90 ఎంఎం ఎఫ్2 అని ఒకటుంది. దాంట్లో స్టెబిలైజరే లేదు, అయినా ఆపి ఒంచితే లోపల గోళీకాయ ఉన్నట్టు కొట్టుకుంటుంది. ఒక కుర్రాడు దాన్ని నా దగ్గరికి "ఐఎస్ ఊడింది" అని తెచ్చాడు. లేని ఐఎస్ ఎలా ఊడుతుందిరా అంటే వాడికి అర్థం కావడానికి టీ తాగేంతసేపు పట్టింది.

ఇక బ్యారేజీ. మీరు "బ్యారేజీ మీద" అని రాశారు. అంటే పైన రోడ్డు పక్కన ట్రైపాడ్ వేశారనుకుంటున్నాను. ఆ రోడ్డు మీద బైకులూ ఆటోలూ ఆగకుండా పోతూనే ఉంటాయి. ఈసారి వెళ్తే ట్రైపాడ్ కాలు మీద అరచెయ్యి ఆనించి చూడండి, ఆటో దాటినప్పుడల్లా వణుకు చేతికి తెలుస్తుంది. రాత్రి ఫోటోకి షట్టర్ ఎనిమిది సెకన్లు తెరిచి ఉంచారనుకుందాం, అంతలో ఎన్ని బండ్లు పోతాయి? పైగా ఈ లెన్స్‌కి ట్రైపాడ్ రింగు పెట్టెలో రాదు, విడిగా కొనుక్కోవాలి. మీరు బాడీని ట్రైపాడ్‌కి బిగించారంటే 760 గ్రాముల లెన్స్ ముందుకి వేలాడుతోందన్నమాట. కృష్ణ మీద నుంచి వచ్చే గాలికి అది జెండాకర్రలా ఊగుతుంది. ఆ ఊపుని ఏ ఐఎస్సూ ఎనిమిది సెకన్లపాటు పట్టి ఉంచలేదు.

ఐఎస్ ఆన్‌లోనే ఉంచారా? ఉంచితే అది కూడా తన వంతు చెడగొట్టి ఉంటుంది. గైరో అనేది ఎంత కదలకుండా పెట్టినా నిక్కచ్చిగా సున్నా చూపించదు, కొంచెం అటూ ఇటూ మొగ్గుతుంది. చేతిలో పట్టుకుని 1/30 సెకనుకి తీసేటప్పుడు ఆ మొగ్గు లెక్కలోకి రాదు. ట్రైపాడ్ మీద సెకన్ల తరబడి షట్టర్ తెరిచి ఉంచితే, లేని ఊపుని సవరించబోయి ఐఎస్ బొమ్మని మెల్లగా జరుపుతుంది. దీపాలన్నీ చుక్కల్లా కాకుండా చిన్న గీతల్లా, తోకల్లా వచ్చాయేమో మీ ఫోటోలు పెద్దవి చేసి చూడండి. తోకలన్నీ ఒకే వైపు సాఫీగా వంగి ఉంటే ఐఎస్ జరిపింది. గజిబిజిగా మెలికలు తిరిగి ఉంటే రోడ్డు వణుకు, గాలి. కొత్త లెన్సుల్లో చాలావాటికి ట్రైపాడ్‌ని గుర్తుపట్టి తగ్గే తెలివి ఉంది. అయినా ట్రైపాడ్ మీద సెకను దాటిన ఎక్స్‌పోజర్ అయితే నేను స్విచ్ ఆపేస్తాను, లెన్స్ ఎంత కొత్తదైనా సరే. మోనోపాడ్ (ఒంటికాలి స్టాండు) మీద మాత్రం ఆపను, అక్కడ ఇంకా చెయ్యే కదా పట్టుకునేది.

కింద దుర్గా ఘాట్ దగ్గర గట్టి నేల మీద ట్రైపాడ్ వేసి, ఐఎస్ ఆపి, లైవ్ వ్యూలో (వెనక తెర మీద చూస్తూ తీసే పద్ధతి) రెండు సెకన్ల టైమర్ పెట్టి బ్యారేజీనే తీయండి. మీ 90డీలో అద్దం ఎగిరే దెబ్బ కూడా లైవ్ వ్యూలో తప్పుతుంది.

పోయిన ఐఎస్ ఎలా ఉంటుందో కూడా చెప్పాలి, లేకపోతే అన్నీ మామూలే అని నేను తోసిపుచ్చినట్టవుతుంది. నేను చూసినవి ఇవీ: ఐఎస్ వెయ్యగానే బొమ్మ జ్వరం వచ్చినట్టు గజగజ వణకడం, ఆపితే నిలకడగా ఉండడం. అలా వణుకు ఆగకుండా ఉంటే గైరో గానీ, గ్రూపు ఎక్కడుందో చెప్పే సెన్సర్ గానీ పోయిందని అర్థం. రెండోది, స్స్ శబ్దం బదులు ఇసుక నలిగినట్టు గరగర. మూడోది, బొమ్మ ఒక మూలకి వెళ్లి అక్కడే ఇరుక్కుపోవడం. నాలుగోది మోసకారిది: ఐఎస్ ఆపి, ట్రైపాడ్ మీద పెట్టి తీసినా ఫోటోలో ఒక పక్క మాత్రమే మసక. గ్రూపు మధ్యలో కాకుండా ఒరిగి ఉండిపోతే ఇలా వస్తుంది, కింద పడ్డ లెన్సుల్లో ఎక్కువ. అమ్మేవాళ్లు ఈ ఒక్కటీ దాచగలరు, ఎందుకంటే నడుమ భాగం ఎప్పుడూ బాగానే కనిపిస్తుంది.

కెమెరా 'ఎర్రర్ 01' చూపిస్తే మాత్రం వెంటనే ఐఎస్ మీద నేరం మోపకండి. అది బాడీకీ లెన్స్‌కీ మాట కలవడం లేదనే సంకేతం. ముందు మౌంట్ దగ్గర బంగారు రంగు చుక్కల్ని మెత్తటి పొడి గుడ్డతో తుడవండి. జూమ్ ఒక చోటుకి తిప్పినప్పుడే ఎర్రర్ వస్తోందంటే లోపల ఫ్లెక్స్ కేబుల్ అనే పల్చటి వైరు మడత దగ్గర చిట్లి ఉండొచ్చు. దాని ఖర్చు వేరు, ఐఎస్ యూనిట్ ఖర్చు వేరు.

క్యాలెండరు పరీక్ష. మన తెలుగు గోడ క్యాలెండరులో తేదీ కింద తిథి, నక్షత్రం, వర్జ్యం, దుర్ముహూర్తం అని చీమల బారులా అక్షరాలుంటాయి చూడండి, అది కావాలి. గోడకి తగిలించి ఐదు మీటర్ల దూరంలో నిలబడండి. జూమ్ 200 దగ్గర, షట్టర్ 1/30, మిగతాది ఆటో ఐఎస్ఓకి (వెలుతురు చాలకపోతే కెమెరా తనే పెంచుకునే సెట్టింగు) వదిలెయ్యండి. మోచేతులు పక్కలకి ఆనించి ఐఎస్ ఆపి పది ఫోటోలు తీయండి. ప్రతి ఫోటోకీ కెమెరా కిందికి దించి మళ్లీ ఎత్తాలి, వరసగా పట్టుకుని దబదబా నొక్కకూడదు. తర్వాత ఐఎస్ వేసి ఇంకో పది. కంప్యూటర్‌లో పూర్తి సైజుకి పెంచి వర్జ్యం టైము చదవగలుగుతున్నారా లేదా, అదొక్కటే చూడండి.

90డీ సెన్సర్ చిన్నది, 1.6తో హెచ్చించాలి, కాబట్టి 200 అంటే 320 లెక్క. ఐఎస్ లేకుండా చేత్తో తియ్యాలంటే పాత సూత్రం ప్రకారం 1/320 కావాలి. ఈ లెన్స్‌కి కెనాన్ చెప్పే సాయం నాలుగు స్టాపులు, ఒక్కో స్టాపుకి షట్టర్ రెట్టింపు సేపు తెరిచి ఉంచొచ్చు: 320 నుంచి 160, 80, 40, 20. అంటే 1/20 దాకా. పెట్టె మీద అంకె ఎప్పుడూ బంగారమే, నా లెక్కలో దాంట్లో ఒక స్టాపు తీసేస్తే నిజానికి దగ్గర. 1/30 దగ్గర నా చేతికి ఐఎస్‌తో పదికి ఏడెనిమిది నిలుస్తాయి, లేకుండా ఒకటి వస్తే గొప్ప. మీకు ఐఎస్‌తో ఐదు, లేకుండా సున్నా వచ్చినా లెన్స్ బాగున్నట్టే, మిగతాది చెయ్యి కుదరడమే. రెండు వరసలూ ఒకేలా ఉంటే, అంటే వేసినా ఆపినా అన్నీ మసకే అయితే, వెనక్కి ఇచ్చెయ్యండి, మొహమాటపడకండి.

ఒక జాగ్రత్త: బటన్ సగం నొక్కి బొమ్మ కుదురుకునేదాకా ఆగి తీయండి. ఒక సెకను కూడా పట్టదు. మొదటి గంతు మధ్యలోనే పూర్తిగా నొక్కేస్తే ఆ ఫ్రేమ్ ఐఎస్ లేనిదాని కంటే దరిద్రంగా వస్తుంది. వరసగా తీసిన బరస్ట్‌లో మొదటిదే ఎందుకు పోయింది అని అడిగేవాళ్లందరికీ నా జవాబు ఇదే.

లెన్స్ మీ దగ్గరే ఉంచుకుంటే ముందు ముందు ఎదురయ్యేవి ఇంకొన్ని ఉన్నాయి.

పక్కన మోడ్ 1, మోడ్ 2 అని స్విచ్ ఉంది. ఒకటి మామూలుది. రెండు, కదిలే దాన్ని కెమెరాతో వెంబడించేటప్పుడు. ఎడ్ల బండి పందెం తీస్తున్నారనుకోండి, మీరు కెమెరాని ఎడమ నుంచి కుడికి తిప్పుతూ పోతారు. మోడ్ 1లో ఐఎస్ ఆ తిప్పుడుని కూడా ఊపే అనుకుని ఎదురు లాగుతుంది, బొమ్మ కుదుపులతో సాగుతుంది. మోడ్ 2లో పక్కకి వదిలేసి పైకీ కిందికీ మాత్రమే పట్టుకుంటుంది. పెద్ద లెన్సుల్లో మోడ్ 3 అని ఇంకోటి ఉంటుంది, ఫోటో తీసే క్షణంలో మాత్రమే సవరిస్తుంది. మా దగ్గర 100-400 రెండో వెర్షన్ తీసుకుని ఉప్పలపాడు కొంగల ఫోటోలకి వెళ్లిన ఒక పెద్దాయన మధ్యాహ్నానికే ఫోన్ చేశారు: "ఐఎస్ లేదయ్యా దీంట్లో, వ్యూఫైండర్ అంతా ఊగిపోతోంది." స్విచ్ చూడమంటే 3 మీద ఉంది. అప్పటికే తీసిన ఫోటోలు చూసుకోమన్నాను, అన్నీ నిలకడగానే ఉన్నాయి. కంటికి ఊగుతోంది కాబట్టి ఫోటో కూడా ఊగిందనుకున్నారు.

నికాన్‌లో మోడ్‌ల లెక్క వేరు, నార్మల్, యాక్టివ్, స్పోర్ట్ అనే పేర్లతో ఉంటాయి. యాక్టివ్ అంటే మీరు ఎక్కినదే కదులుతున్నప్పుడు. పాపికొండల లాంచీలో ఇంజను దడదడలాడుతుంటే అది వెయ్యాలి, గట్టు మీద నిలబడితే నార్మల్ చాలు. నికాన్ వీఆర్ లెన్సుల్లో ఇంకో తమాషా: షట్టర్ పడే ముందు గ్రూపుని మధ్యకి తెచ్చుకుంటుంది కాబట్టి వ్యూఫైండర్‌లో చూసిన ఫ్రేమ్‌కీ వచ్చిన ఫోటోకీ వెంట్రుకవాసి తేడా ఉంటుంది, ఫోటో తీశాక బొమ్మ క్షణంపాటు అలికినట్టు కనిపించొచ్చు. బాడీ మీద ఫ్లాష్ చార్జ్ అవుతున్నంతసేపూ వీఆర్ ఆగిపోతుంది కూడా. గర్భగుడి ముందు ఫ్లాష్ మీద ఫ్లాష్ కొట్టి వీఆర్ చచ్చిపోయిందని తెచ్చినవాళ్లున్నారు.

అన్నిటికంటే ఎక్కువ వచ్చే ఫిర్యాదు తలంబ్రాలది. ఒక కుర్రాడు లెన్స్ బల్ల మీద పెట్టి, గొంతు పెంచి మరీ అడిగాడు, "ఇదేనా అన్నా నాలుగు స్టాపుల ఐఎస్?" ల్యాప్‌టాప్‌లో చూపించాడు. మండపం స్తంభాలు, వెనక బంతిపూల దండలు రేకు రేకు లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి. పెళ్లికూతురి చెయ్యి మాత్రం పసుపు మేఘంలా ఉంది, బియ్యం గింజలన్నీ గీతలు. వివరాల్లో షట్టర్ 1/25. ఐఎస్ తన పని పూర్తిగా చేసిందనడానికి ఆ స్తంభాలే సాక్ష్యం. ఐఎస్ మీ చేతిని ఆపుతుంది, ఎదుటివాళ్ల చేతిని ఆపలేదు. తలంబ్రాలకి 1/250 కింద నేను ఎప్పుడూ వెళ్లలేదు, గింజలు కూడా గాల్లో నిలబడాలంటే 1/500. దానికి ఐఎస్ఓ 3200 అయినా 6400 అయినా పెంచుకోవాలి. ఫోటోలో గరుకు ఉంటే పెళ్లివాళ్లు పట్టించుకోరు, మొహం చెదిరితే ఆల్బమ్ వెనక్కి పంపిస్తారు.

వీడియోలకి మీ లెన్స్ శబ్దం నిజమైన తలనొప్పి. బాడీ మీద మైకు ఆ స్స్‌ని శుభ్రంగా రికార్డ్ చేస్తుంది. కాలర్ మైకు వాడండి, లేదా ఐఎస్ ఆపి మోనోపాడ్ వాడండి. బ్యాటరీ సంగతి పెద్దగా చెప్పడానికేమీ లేదు, కొంచెం ఎక్కువ తింటుంది, ఇంకోటి జేబులో ఉంచుకోండి. 1/1000 దాటితే ఐఎస్‌కి సవరించడానికి పెద్దగా ఏమీ మిగలదు, పక్షులు ఎగిరేటప్పుడు నేను ఆపేస్తాను. ఆపకపోయినా కొంపలేం మునగవు.

మిర్రర్‌లెస్‌కి మారినప్పుడు ఒకటి గుర్తుంచుకోండి: స్టెబిలైజర్ బాడీలో ఉన్న కెమెరాకి పాత మాన్యువల్ లెన్స్ తగిలిస్తే దాని ఫోకల్ లెంగ్త్ (లెన్స్ మీద ఉండే 50, 135 లాంటి ఎంఎం అంకె) మెనూలో మీరే చెప్పాలి. 135 లెన్స్ పెట్టి మెనూలో 50 ఉంచేస్తే అది చాలినంత సవరించదు, 50కి 135 అని చెప్తే అతిగా సవరించి ఫోటోని తనే ఊపుతుంది.

ఫోన్లలో కూడా ఈ తేలే లెన్సులే ఉంటాయి, అందుకే ఇంకొక్క మాట. బైకు హ్యాండిల్‌కి ఫోన్ బిగించి మ్యాప్ చూస్తూ తిరిగేవాళ్లు జాగ్రత్త. పెద్ద ఇంజన్ల బైకుల వణుకు వల్ల కెమెరా స్టెబిలైజర్, ఆటోఫోకస్ దెబ్బతినొచ్చని 2021లో యాపిలే హెచ్చరిక పెట్టింది. మా అబ్బాయి బుల్లెట్ మీద ఏడాది తిరిగి ఆ ముచ్చట తీర్చుకున్నాడు, ఇప్పుడు వాడి ఫోన్‌లో ఏ ఫోటో తీసినా వణుకే. లెన్సులకీ అదే వర్తిస్తుంది. బ్యాగుని బైకు ట్యాంకు మీద పెట్టకండి, వీపుకి తగిలించుకోండి.

ఆ రిపేరు ఆయన గురించి: కావాలనే మోసం చేశారని నేననను, ఐఎస్ లెన్సులు తక్కువ చూసినవాళ్లు ఊపి చప్పుడు విని తేల్చేస్తారు. అయితే లెన్స్ విప్పకుండా, బాడీకి బిగించి ఐఎస్‌తో ఒక్క ఫోటో తీయకుండా "యూనిట్ పోయింది" అన్నారంటే ఆ మాట మీద తొమ్మిది వేలు పెట్టకండి. ముఖ్యంగా విప్పనివ్వకండి. ఒకసారి విప్పి బిగిస్తే గ్రూపు సరిగ్గా మధ్యలో కూర్చోబెట్టడానికి కొలిచే పరికరాలు కావాలి, మన వీధి చివర షాపుల్లో అవి ఉండవు. విప్పిన గుర్తులు కనిపిస్తే అమ్మినాయన వెనక్కి కూడా తీసుకోరు.

ఈ ఆదివారం క్యాలెండరు పరీక్ష చేసెయ్యండి. ఐఎస్ ఆపి తీసిన పదీ, వేసి తీసిన పదీ, ట్రైపాడ్ మీద ఐఎస్ ఆపి ఎఫ్4లో ఇటుక గోడ తీసిన ఫోటో ఒకటీ కత్తిరించకుండా ఇక్కడ పెట్టండి. గోడ ఫోటోలో ఎడమా కుడీ ఒకేలా ఉన్నాయో లేదో నేను చూసి చెప్తాను.